చిగుళ్ళ రంగు పిడి

చెల్లెలికి ముందుపన్ను చెయ్యడానికి పళ్ళ మేస్త్రికి ఛాయ పోల్చుకునే రంగుల పట్టీ అక్కర్లేకపోయింది. పాలపళ్ళు ఊడినప్పటి నుంచీ చూస్తున్న నోరు అది. కాస్త పసుపు ఛాయ, కొస దగ్గర గాజులా పలచన, ఎడమ మూల చిన్న చెక్కు. చిన్నప్పుడు గేటు ఎక్కబోయి పడ్డప్పటి చెక్కు అది. దానితో సహా చేశాడు.

డాక్టరమ్మ ఆ పన్నుని వెలుగులో తిప్పి చూసి, "కొత్త పన్నుకి పాత చెక్కు ఎందుకయ్యా?" అంది.

"అది లేకపోతే మా బుల్లి కాదండీ," అన్నాడు.

ముందు గదిలో డాక్టరమ్మ నోళ్ళ అచ్చులు తీసి పంపిస్తే, వెనక గదిలో వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, పళ్ళు కూర్చడం మేస్త్రి పని. ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళు అతని పళ్ళతోనే నవ్వుతారు, అతని మొహం మాత్రం చాలామంది చూసి ఉండరు. చెల్లెలు బుల్లి పెదవి చీలి, పన్ను విరిగి వచ్చిన రోజు కూడా అతను ఆ వెనక గదిలోనే ఉన్నాడు, ముందు గదిలో మాటలు వినపడుతున్నాయి.

"బాత్‌రూమ్‌లో జారాను," అంది బుల్లి.

డాక్టరమ్మ మత్తు సూది పక్కన పెట్టింది. కుర్చీ మీది పెద్ద లైటు ఆర్పేసి, "మత్తు ఎక్కడానికి కాసేపు పడుతుంది, నేను బయట ఉంటా," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. మత్తు అంతకుముందే ఎక్కిందని మేస్త్రికి తెలుసు. ఆ చీకట్లో బుల్లి కరువుతీరా ఏడ్చింది.

తర్వాత వెనక గదికి వచ్చి, బల్ల మీద ఆరబెట్టిన ప్లాస్టర్ దవడల మధ్య కూర్చుని అసలు మాట చెప్పింది.

"కాఫీ చిమ్మిందన్నయ్యా. ఆయన చొక్కా మీద పడింది."

"చిమ్మితే?"

"తెల్లచొక్కా."

అంతే చెప్పింది, చొక్కా తెల్లగా ఉండడమే తన తప్పన్నట్టు.

బుల్లి భర్త టైల్స్ ఫ్యాక్టరీలో నాణ్యత చూసే అధికారి. వేలితో అలా రాసి చూసి, కంటికి కనపడని పగులు కూడా పట్టేస్తాడని పేరు. బయట మహా సరదా మనిషి. నలుగురిలో ఉంటే భార్యని పల్లెత్తు మాట అనడు. ఇంట్లో ఆయనకి ఒక ముచ్చట ఉంది, ఎస్ప్రెస్సో మెషిన్. పొడిని ఒక చిల్లుల గిన్నెలో వేసి, ఉక్కు దిమ్మతో అదిమి, ఆ గిన్నెని బరువైన హ్యాండిల్‌తో మెషిన్‌కి బిగించాలి. పైనుంచి వేడినీళ్ళు గట్టి ఒత్తిడితో వస్తాయి. పొడి అంతా సమంగా పరుచుకుంటే కాఫీ తేనెలా దిగుతుంది. ఎక్కడైనా గడ్డ కట్టినా, ఎక్కడైనా వదులుగా ఉన్నా, నీళ్ళు ఆ బలహీనమైన చోటు వెతుక్కుని పొడుచుకుని వస్తాయి. అప్పుడు సూదిలాంటి ధార ఒకటి పక్కకి చిమ్ముతుంది. ఆయన రోజూ ఫ్యాక్టరీకి తయారై, మడత నలగని చొక్కా వేసుకుని, ఆ మెషిన్ ముందే నిలబడేవాడు.

మేస్త్రికి తన పని నేర్పిన నమ్మకం ఒకటుంది. కొత్త పళ్ళ సెట్టు పెట్టుకున్న పెద్దాయన నొప్పి నొప్పి అని గోల పెడితే అతను గాభరాపడడు. పళ్ళ మధ్య నీలిరంగు కాగితం పెట్టి కొరకమంటాడు. ఎత్తుగా ఉన్నచోట నీలి చుక్క పడుతుంది. ఆ చుక్కని అరగదీస్తే నొప్పి పోతుంది. అది తప్పిన రోజు లేదు. నొప్పి ఉందంటే ఎక్కడో ఎత్తు ఉన్నట్టే, అది దొరికితే చాలు. ఇంకో అన్న అయితే ఆ సాయంత్రమే వెళ్ళి బావ కాలరు పట్టుకునేవాడు. మన మేస్త్రి వెళ్ళి సూదుల డబ్బా తెరిచాడు.

పంటి వేళ్ళు శుభ్రం చేసే సన్న సూదులవి, వెంట్రుక కన్నా కాస్త లావు. పెట్టెలో మిగిలిపోయిన కొత్తవి తీసి, గరుకంతా పోయేలా సానపట్టాడు. గిన్నె అడుగు గీసుకోకుండా కొసలు వేడిచేసి మెత్తబరిచాడు. వాటిని గుండ్రంగా అమర్చి, చేతికి అందిన అక్రిలిక్‌తో బొటనవేలంత పిడి పోశాడు. పళ్ళ సెట్ల గదిలో చేతికి అందేది ఒక్కటే రంగు, చిగుళ్ళ రంగు.

ఆదివారం పొద్దున్న దాన్ని పట్టుకుని వెళితే బావ పగలబడి నవ్వాడు.

"ఏంటి మేస్త్రీ, చిగుళ్ళు తెచ్చావు, పళ్ళు మర్చిపోయావా?"

"ఈ సూదులే పళ్ళు బావగారూ. కాఫీ పొడిని దువ్వుతాయి."

"దువ్వెనా! మీ చెల్లికి తల దువ్వుకోవడమే చేతకాదు, ఇక కాఫీకి దువ్వుతుందా?"

బుల్లి కూడా నవ్వింది. పెదవి కిందికి లాక్కుని, కొత్త పన్ను కనపడకుండా నవ్వింది.

మేస్త్రి చేసి చూపించాడు. సూదుల్ని గిన్నె అడుగుదాకా దించి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ పైకి తెచ్చాడు. గడ్డలన్నీ విడిపోయి పొడి దూదిలా ఉబ్బింది. తట్టి, అదిమి, బిగించి, మీట నొక్కాడు. గిన్నె అడుగున మొదట మంచుబిందువుల్లా నల్లటి చుక్కలు లేచాయి. అవన్నీ నడిమికి చేరి ఒకే ధారగా దిగాయి. బావ తెల్ల రుమాలు తీసి మెషిన్ పక్కన పట్టుకున్నాడు. ఒక్క చుక్క పడలేదు.

"శభాష్!" అని మేస్త్రి వీపు మీద చరిచాడు. ఆ చరుపుకి మేస్త్రి రెండడుగులు ముందుకు తూలాడు. అయినా బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ, పుండు మానిన కాలితో నడుస్తున్నంత తేలిగ్గా ఉంది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. తర్వాత బుల్లి మోచేయి నల్లగా కమిలింది.

"చిమ్మిందా?"

"లేదన్నయ్యా. దువ్వుతుంటే పొడి గట్టు మీద ఒలికింది."

మేస్త్రి గిన్నె అంచుకి సరిపడా ఒక కంకణం చేశాడు, పొడి ఒలక్కుండా. మరికొన్నాళ్ళకి ఆమె ఎడమ చెవిలో హోరు మొదలైంది. పొడి ఒకవైపు వాలి, కాఫీ పుల్లగా దిగిందట. మేస్త్రి అడుగున మూడు వాలులున్న బరువైన బిళ్ళ ఒకటి చేశాడు. గిన్నె మీద పెట్టి తిప్పితే పొడి అద్దంలా చదునవుతుంది. చెల్లెలు కారణం చెప్పేది, అన్న దానికి పనిముట్టు చేసేవాడు. ఇద్దరూ కలిసి ఎవరిదో పాడు పన్నుకి వైద్యం చేస్తున్నట్టే ఉండేది.

"నువ్వు దుకాణం పెట్టు అన్నయ్యా. నా వొంటి మీద మచ్చకో సరుకు," అంది ఒకసారి.

"నోరు ముయ్యవే!" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఎలా నవ్వగలిగారో వాళ్ళకే తెలియాలి.

ఆమె ముంజేతి మీద అరచేయంత మచ్చ ఒకటుంది. అది మాత్రం బావ చేసింది కాదు. నీళ్ళు ఇంకా ఒత్తిడిలో ఉండగానే ఒకనాడు హ్యాండిల్ తిప్పేసింది. గిన్నె బాంబులా పేలి, కాలే బురద చేతి మీద పడింది. "ఆ రోజు అరిచారు గానీ కొట్టలేదు తెలుసా," అని ఆ సంగతి గొప్పగా చెప్పుకునేది బుల్లి. మేస్త్రి కూడా తల ఊపాడు. మంచిదే కదా అనుకున్నాడు.

ఒకరోజు పొద్దున్న మేస్త్రి పనికి వెళ్ళేముందు చెల్లెలింటికి వెళ్ళాడు. గింజలు మరపట్టే మెషిన్‌కి రబ్బరు కాలు ఊడిందని కబురు పెట్టింది. బావ నడకకి వెళ్ళాడు. వంటగది వెనక బట్టలుతికే వసారాలో కూర్చుని, కొత్త రబ్బరు ముక్కని ఆకురాయితో అరగదీస్తున్నాడు మేస్త్రి. వసారాకీ వంటగదికీ మధ్య దోమతెర తలుపు. అటునుంచి చూస్తే ఇటు ఏమీ కనపడదు, ఇటునుంచి చూస్తే అన్నీ కనపడతాయి.

బావ వచ్చాడు. స్నానం చేసి, తెల్లచొక్కా, బూట్లు తొడుక్కుని మెషిన్ ముందు నిలబడ్డాడు. మేస్త్రి పలకరిద్దామని లేవబోయి, బుల్లి పొడి వేస్తోందని ఆగాడు. తన పనిముట్లు తను లేనప్పుడు ఎలా నడుస్తున్నాయో ఒక్కసారి చూడాలని ఏ పనివాడికి ఉండదు?

బుల్లి కంకణం పెట్టింది. చిగుళ్ళ రంగు పిడి పట్టుకుని, మునివేళ్ళతో అడుగునుంచి పైదాకా దువ్వింది. బిళ్ళ తిప్పింది. దిమ్మతో అదిమింది. తన కన్నా బాగా చేస్తోందనుకున్నాడు మేస్త్రి. కాఫీ చెక్కుచెదరని ధారగా దిగింది. ఎక్కడా చుక్క లేదు.

బావ తాగాడు. "బాగుంది," అన్నాడు. తర్వాత గట్టు మీద వేలితో రాశాడు. వేలు చూసుకున్నాడు. వంగి మెషిన్ కింద చూశాడు. చొక్కా ముందుభాగం లాగి చూసుకున్నాడు. టైలు మీద పగులు వెతికినట్టు అంతా వెతికాడు.

"ఏమీ లేదే," అన్నాడు.

"అన్నయ్య బిళ్ళ వల్ల..."

"అన్నయ్య బిళ్ళ! నాకు వంక దొరక్కూడదని అన్నాచెల్లెళ్ళు పంతం పట్టారన్నమాట."

కప్పు పగలకుండా సాసరులో జాగ్రత్తగా పెట్టాడు. తర్వాత కొట్టాడు.

అరచేత్తో కాదు, పిడికిలితో. బుల్లి తల అల్మారా తలుపుకి తగిలి గాజు పగిలింది. నోట్లోంచి మేస్త్రి చేసిన పన్ను ఎగిరి గట్టు మీద పడి దొర్లింది. కిందపడ్డ ఆమెని జుట్టు పట్టి లేపి, "ఇంకోటి పెట్టు. ఈసారి ఆ దువ్వెనలు లేకుండా పెట్టు. చూద్దాం," అన్నాడు. గడ్డం మీదుగా కారే రక్తం గిన్నెలో పడకుండా ఒక చేత్తో అడ్డుపెట్టుకుని, రెండో చేత్తో పొడి వేసి, గిన్నెని మెషిన్‌కి బిగించింది బుల్లి.

దోమతెర వెనక మేస్త్రి చేతిలోంచి ఆకురాయి జారిపోయింది. కాఫీలో ఏ ఎత్తూ లేదు. ఎప్పుడూ లేదు. ఇన్నాళ్ళూ నీలి కాగితం తప్పు నోట్లో పెట్టి చూశాడు. తను చేసిందల్లా, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆ మనిషి వెతుక్కోవాల్సిన శ్రమ కాస్త పెంచడం.

తలుపు తన్నుకుని వచ్చాడు. "బావగారూ! చెయ్యి తియ్యండి!"

ఆ స్థితిలోనూ 'గారు' పోలేదు అతని నోట్లోంచి.

"ఓహో, మేస్త్రి కూడా ఇక్కడే ఉన్నాడా!" బావ నిజంగానే సంబరపడ్డాడు. "రా, రా. నీ పళ్ళకి నువ్వే కొలతలు తీసుకుందువు గాని."

మొదటి గుద్దుకి కళ్ళద్దాలు పగిలి కనుబొమ్మలో దిగాయి. రెండోదానికి నేల మీదున్నాడు. పక్కటెముకల్లో బూటుకాలు దిగినప్పుడు లోపల ఏదో పుల్ల విరిగినట్టు చప్పుడైంది. అయినా ఆ కాలిని రెండు చేతులా వాటేసుకున్నాడు. ఈ కాలు తన దగ్గరున్నంతసేపూ చెల్లెలి దగ్గర ఉండదు. ఆ సమయంలో అతనికి తోచిన లెక్క అదొక్కటే.

"పారిపోవే! పో!" అని అరిచాడు.

బుల్లి పోలేదు. వెనకనుంచి వచ్చి భర్త మెడ పట్టుకుని లాగింది. మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. ఆమె వెళ్ళి మెషిన్‌కి గుద్దుకుంది. ఆ అదురుకి మీట పడి మెషిన్ గుర్రుమంది. దువ్వని, చదును చెయ్యని పొడి మీదకి నీళ్ళు తోసుకొచ్చాయి. గిన్నె కిందనుంచి సూదుల్లాంటి ధారలు నాలుగువైపులా చిమ్మాయి. బావ తెల్లచొక్కా వీపంతా చుక్కలు పడ్డాయి. ఆయన పట్టించుకోనేలేదు.

బావ, మేస్త్రి కుడిచేతిని లాగి గట్టు సొరుగులోకి తోసి, "ఈ వేళ్ళేనా నాకు పాఠాలు చెప్పేది?" అని సొరుగుని మోకాలితో మూశాడు. మళ్ళీ తెరిచి మూశాడు. మేస్త్రి కేక పైఅంతస్తుదాకా వినపడింది. తడుముకుంటున్న ఎడమచేతికి ఏదో నున్నటిది తగిలింది, చిగుళ్ళ రంగు పిడి. ఉన్న బలమంతా పెట్టి దాన్ని బావ తొడలో పొడిచాడు.

సూదులు దిగలేదు. ఎవరికీ ఏమీ గీసుకోకూడదని తనే మెత్తబరిచిన సూదులు. ప్యాంటు గుడ్డకి తగలగానే తడిసిన వెంట్రుకల్లా అన్నీ పక్కకి వాలిపోయాయి. బావ కిందికి చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దువ్వుతున్నావా మేస్త్రీ? నన్ను దువ్వుతున్నావా?"

నవ్వుతూనే గట్టు మీది ఉక్కు దిమ్మ అందుకున్నాడు. మేస్త్రి తల మీదకి ఎత్తాడు. ఆయన మొహం అప్పుడు మెషిన్‌కి జానెడు దూరంలో ఉంది.

"అన్నయ్యా, కళ్ళు మూసుకో!"

బుల్లి రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని పక్కకి లాగింది.

ఎప్పుడూ చెయ్యకూడదని వొంటి మీద మచ్చ వేయించుకుని మరీ నేర్చుకున్న పని అది. గది అదిరింది. మరుగుతున్న నల్లబురద బావ మొహం నిండా, కళ్ళ నిండా కొట్టింది. దిమ్మ చేతిలోంచి జారి మేస్త్రి చెవి పక్కన నేల టైలుని పగలగొట్టింది. బావ పెట్టిన కేక మనిషి కేకలా లేదు. గుడ్డిగా చేతులు చాచి తడిమి, బుల్లి జుట్టు దొరికితే పట్టుకున్నాడు. ఆ హ్యాండిల్ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. బరువైన ఇనుము. మూతి మీద కొట్టింది. జుట్టు వదలలేదు. మళ్ళీ కొట్టింది. ఈసారి జుట్టు వదిలి, మోకాళ్ళ మీద కూలబడి, పళ్ళూ రక్తమూ కలిపి ఉమ్మేశాడు.

మూడోసారి ఎత్తిన చేతిని మేస్త్రి పట్టుకున్నాడు. బావ మీద జాలితో కాదు. ఆ చెయ్యి రేపు బుల్లికి కావాలి. రేపు దాంతో అన్నం తినాలి, తల దువ్వుకోవాలి.

"చాలు. పద," అన్నాడు.

ఒకరినొకరు పట్టుకుని గుమ్మం దాటారు. లోపల బావ లేచి, కుర్చీలు పడగొట్టుకుంటూ తలుపువైపు వస్తున్న చప్పుడు. పైఅంతస్తులో ఉండే ఆవిడ అప్పటికే మెట్లు దిగి వచ్చి ఉంది. వాళ్ళని దాటి వెళ్ళి, తలుపు లాగి బయట గడియ పెట్టేసింది. లోపలినుంచి తలుపు దబదబా మోగుతుంటే, దానికి వీపు ఆనించి నిలబడింది, అరవై దాటిన మనిషి.

"పోలీసులకి ఫోన్ చేశాను. వాళ్ళు వచ్చేదాకా నేను కదలను," అంది. బుల్లి మొహం చూడలేక మెట్లవైపు చూస్తూ, "ఇన్నాళ్ళూ వినపడుతూనే ఉందమ్మా. టీవీ గట్టిగా పెట్టుకునేదాన్ని," అంది.

ఆవిడని తప్పుపట్టడానికి మేస్త్రికి మొహం చెల్లలేదు.

బావ ఆస్పత్రికీ అక్కణ్ణుంచి లాకప్‌కీ వెళ్ళాడు. ఒక కంటికి చూపు మసకబారిందట. కేసు నడుస్తోంది. అప్పట్లో తను తీసి ఉంచిన దెబ్బల ఫొటోలు పట్టుకుని డాక్టరమ్మ తనంతట తనే సాక్ష్యానికి వెళ్ళింది.

బుల్లి ఇప్పుడు అన్న దగ్గరే, అతను పనిచేసే వెనక గదికి పైనున్న గదిలో ఉంటోంది. మేస్త్రి కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. రెండు వేళ్ళు మునుపటిలా వంగవని చెప్పారు. అందుకని అతను చెబుతుంటే బుల్లి ప్లాస్టర్ కలుపుతుంది. మొదట్లో అంతా గడ్డలే. "నీ ప్లాస్టర్‌తో దవడలు కాదు, గోడలు కట్టొచ్చే," అంటాడు. "ముందు నీ వేళ్ళు సరిచేసుకో, తర్వాత నాకు చెబుదువు గాని," అంటుంది. ముందు పన్ను చోట ఖాళీగానే ఉంది. అన్న చెయ్యి బాగయ్యేదాకా ఇంకెవరి పన్నూ పెట్టుకోనంది.

ఒక పొద్దున్న బుల్లి మామూలు గిన్నెలో కాచిన కాఫీ వంచుతోంది. గిన్నె మూతి వంకర. కాఫీ పక్కకి జారి మేస్త్రి తెల్లచొక్కా మీద, గుండె దగ్గర బారుగా పడింది.

బుల్లి గిన్నె వదిలేసి గోడకి అంటుకుపోయింది. మోచెయ్యి మొహానికి అడ్డంగా లేచిపోయింది.

గిన్నె మూతిలో లోపం ఎక్కడుందో మేస్త్రికి చూడగానే తెలిసింది. ఒక్క నొక్కు నొక్కితే ధార తిన్నగా పడుతుంది. ఎడమచెయ్యి దానంతటదే బల్ల మీది పట్టకారు అందుకుంది. "ఆ మూతి కాస్త..." అని మొదలుపెట్టి, నాలుక కరుచుకున్నాడు.

పట్టకారు తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"పడనీవే," అన్నాడు. "చొక్కానే కదా."

బుల్లి కదల్లేదు. అతను కూడా కదల్లేదు. చొక్కా తుడుచుకోలేదు, మరక వైపు చూడలేదు. కప్పులో మిగిలింది తీసుకుని, చప్పుడు చేస్తూ తాగాడు. మోచెయ్యి కొంచెం కొంచెంగా కిందికి దిగింది.

"చక్కెర వెయ్యడం మర్చిపోయావు," అన్నాడు.

"మర్చిపోలేదు. లావయ్యావు, అందుకే వెయ్యలేదు," అంది బుల్లి. అని నవ్వింది. పెదవి కిందికి లాక్కోకుండా, పంటి ఖాళీ అంతా కనపడేలా నవ్వింది.

ఆ గిన్నె మూతి ఇప్పటికీ వంకరగానే ఉంది. రోజూ కాస్త ఒలుకుతుంది.